పాత కంప్యూటర్ల మధ్య ఫైళ్లు, ప్రింటర్ షేరింగ్: నా అనుభవం

నేను చూసుకునే చిన్న నెట్‌వర్క్‌లో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. రెండింటిలో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్, ఒకదానిలో 32 బిట్ల విండోస్ 7, నాలుగోదానిలో 64 బిట్ల విండోస్ 10 నడుస్తున్నాయి. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయిన సంగతి తెలిసే వాటిని ఉంచుకోవలసి వచ్చింది. మొదటి ఎక్స్‌పీకి తగిలించిన ఒక కొలత పరికరం ప్రోగ్రామ్, రెండో ఎక్స్‌పీలో లేబుళ్లు ముద్రించే డాస్ ప్రోగ్రామ్ 64 బిట్ల విండోస్‌లో నడవవు. కొలతల ఫైళ్లు విండోస్ 10 మీద పనిచేసేవారికి అందాలి, అందరి కాగితాలూ విండోస్ 7కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన ఒకే లేజర్ ప్రింటర్‌లో రావాలి. కావలసింది అంతే.

నాకు చేరిన ఫిర్యాదు "నెట్‌వర్క్ పనిచేయడం లేదు" అన్న ఒక్క మాట. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు సెట్టింగులు మార్చడం మొదలుపెడితే ఏది దేనివల్ల బాగుపడిందో, ఏది దేనివల్ల చెడిందో తరువాత తేల్చుకోలేము. అందుకని ముందుగా కాగితం మీద గళ్లు గీసి, అడిగే కంప్యూటర్ల పేర్లు ఒక వైపు, ఇచ్చే కంప్యూటర్ల పేర్లు మరో వైపు రాసి, ప్రతి జంటకూ తెర మీద వచ్చిన సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా ఆ గడిలో నింపాను. మొదటి ఎక్స్‌పీ నుంచి ఎవరిని అడిగినా దారి దొరకలేదని 53వ నంబరు ఎర్రర్ వచ్చింది. రెండో ఎక్స్‌పీ నుంచి విండోస్ 7ను అడిగితే సర్వర్‌లో తగినంత స్టోరేజీ లేదన్న వింత సమాధానం వచ్చింది. రెండో ఎక్స్‌పీలోని ఫైళ్లను మాత్రం ఎవరూ చేరలేకపోయారు. విండోస్ 10 నుంచి మిగిలిన వాటికి పింగ్ (ఎదుటి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు) వెళ్లి తిరిగి వచ్చింది గాని, వాటి నుంచి విండోస్ 10కు పింగ్ అసలు చేరలేదు. గళ్లు నిండేసరికి ఇది ఒక్క లోపం కాదని, ఒకదాని మీద ఒకటి పేరుకున్న నాలుగైదు లోపాలని స్పష్టమైంది. అటు వెళ్లేది ఇటు రాకపోవడం, ఇటు వచ్చేది అటు వెళ్లకపోవడం ఇలాంటి పనిలో దొరికే అన్నిటికన్నా విలువైన ఆధారం. కేబులో స్విచ్చో చెడితే రెండు దిక్కులా చెడుతుంది కదా.

మై నెట్‌వర్క్ ప్లేసెస్ కిటికీలో కంప్యూటర్ల బొమ్మలు కనిపిస్తున్నాయా లేదా అన్నది ఈ పరీక్షలో నేను లెక్కలోకి తీసుకోలేదు. చాలామంది దానినే నమ్ముకుని గంటలు గంటలు పోగొట్టుకోవడం చూశాను. ఆ జాబితాను ప్రతి కంప్యూటర్ స్వయంగా తయారు చేసుకోదు. నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక జరుపుకొని ఒకదానిని ఆ జాబితాను చూసుకునే మాస్టర్ బ్రౌజర్‌గా నిలబెట్టుకుంటాయి. మిగిలినవి 12 నిమిషాలకు ఒకసారి దానికి తమ ఉనికిని ప్రకటిస్తాయి. వరుసగా మూడు ప్రకటనలు రాకపోతేనే పేరు జాబితా నుంచి తొలగుతుంది. ఆ మార్పు జాబితా నకలును ఉంచుకునే బ్యాకప్ బ్రౌజర్‌కు చేరడానికి మరో 15 నిమిషాల వరకు పడుతుంది. అంటే ప్లగ్ తీసేసిన కంప్యూటర్ కూడా 51 నిమిషాల వరకు బొమ్మగా కనిపిస్తూనే ఉండవచ్చు, ఇప్పుడే ఆన్ చేసిన కంప్యూటర్ చక్కగా పనిచేస్తున్నా కొంతసేపు కనిపించకపోవచ్చు. అందుచేత రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌ల తరువాత ఎదుటి కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే అంకెలు) కొట్టి చూడడం, ఆ తరువాత అదే పని పేరుతో చేసి చూడడం, ఈ రెండే నేను నమ్మే పరీక్షలు. అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే లోపం పేర్లలో ఉంది. రెండింటితోనూ తెరుచుకోకపోతే ఇంకా కింద ఉంది.

విండోస్ 10 సంగతి త్వరగా తేలింది. దాని అడ్రస్ 192.168.0తో, మిగిలిన మూడింటి అడ్రస్‌లు 192.168.1తో మొదలవుతున్నాయి. వైఫై కోసం ఎవరో రెండో రౌటర్‌ను తెచ్చి, మొదటి రౌటర్ నుంచి వచ్చిన కేబుల్‌ను దాని వాన్ పోర్టులో (ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉండేది) గుచ్చారు. అప్పుడు రెండో రౌటర్ వెనుక మరొక నెట్‌వర్క్ ఏర్పడుతుంది. లోపలి నుంచి బయటికి దారి ఉంటుంది గాని బయటి నుంచి లోపలికి ఉండదు, కంప్యూటర్లు పేర్లను పిలిచే బ్రాడ్‌కాస్ట్ కూడా ఆ గోడను దాటదు. రెండో రౌటర్‌లో కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపి, దాని అడ్రస్‌ను మొదటి దానితో ఢీకొనకుండా మార్చి, కేబుల్‌ను వాన్ పోర్టు నుంచి తీసి, లోపలి కంప్యూటర్ల కోసం ఉండే లాన్ పోర్టులో పెట్టగానే అది మామూలు స్విచ్‌లా, వైఫై కేంద్రంలా మారింది. నాలుగు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి.

మొదటి ఎక్స్‌పీ విషయంలో ఎక్కువసేపు నిలవవలసి వచ్చింది. అడ్రస్ కొడితే విండోస్ 7 వెంటనే తెరుచుకుంటోంది, పేరు కొడితే 53. వర్క్‌గ్రూప్ పేరు సరిగానే ఉంది, కంప్యూటర్ పేర్లు కూడా నెట్‌బయాస్ (చిన్న నెట్‌వర్క్‌లో కంప్యూటర్లను పేర్లతో గుర్తించే పాత పద్ధతి) అనుమతించే 15 అక్షరాల లోపే ఉన్నాయి. నెట్‌వర్క్ కార్డు టీసీపీ/ఐపీ సెట్టింగుల్లో నెట్‌బయాస్ ఎనేబుల్ అయ్యే ఉంది. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్‌ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టాను. అందరూ ఆ జాబితాలో అడ్రస్ కోసం కిందికి చూస్తారు గాని, పైన హోస్ట్ నేమ్ ఉన్న చోటనే నోడ్ టైప్ అని ఒక వరుస ఉంటుంది. మిగిలిన కంప్యూటర్లలో అక్కడ హైబ్రిడ్ అనో, అన్‌నోన్ అనో ఉంది. ఈ ఒక్కదానిలో మాత్రం పీర్-పీర్ అని ఉంది.

ఆ రెండు మాటలు చూసి, మాది సర్వర్ లేకుండా కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకునే పీర్ టు పీర్ నెట్‌వర్క్ కాబట్టి ఇది సరైనదే అనుకోవడం చాలా సహజం, కాని అర్థం దాదాపు దానికి వ్యతిరేకం. నోడ్ టైప్ అనేది పేరును అడ్రస్‌గా మార్చుకోవడానికి కంప్యూటర్ ఎవరిని అడగాలో చెప్పే సెట్టింగు. బ్రాడ్‌కాస్ట్ రకమైతే "ఈ పేరు ఎవరిది" అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. పీర్-పీర్ రకమైతే ఎవరినీ అలా అడగదు, విన్స్ అనే పేర్ల సర్వర్‌ను మాత్రమే అడుగుతుంది. మాలాంటి చిన్న నెట్‌వర్క్‌లో విన్స్ సర్వర్ ఉండదు. కాబట్టి అడగవలసినవాడు లేడు, అడగగలిగినవారిని అడగదు. హైబ్రిడ్ రకం ముందు విన్స్‌ను అడిగి, జవాబు రాకపోతే బ్రాడ్‌కాస్ట్‌కు దిగుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ఎక్స్‌పీలో అన్‌నోన్ అని కనిపించినా భయపడనక్కరలేదు, ఏ సెట్టింగూ ప్రత్యేకంగా ఇవ్వలేదని, బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలోనే నడుస్తుందని దాని భావం.

ఈ సెట్టింగు విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో, సర్వీసెస్ కింద నెట్‌బీటీ అనే శాఖలో, పారామీటర్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అక్కడ నోడ్‌టైప్, డీహెచ్‌సీపీనోడ్‌టైప్ అనే రెండు విలువల్లో ఏది కనిపించినా ముందు ఆ శాఖను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచుకుని, తరువాత ఆ విలువను తొలగించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇక్కడ డీహెచ్‌సీపీనోడ్‌టైప్ విలువ 2గా ఉంది, అంటే పీర్-పీర్. దానిని తీసి రీస్టార్ట్ చేసిన తరువాత నోడ్ టైప్ వరుస మారింది, పేర్లన్నీ దొరికాయి.

రెండో ఎక్స్‌పీని ఎవరూ చేరలేకపోవడానికి ఫైర్‌వాల్ కారణమని అందరికీ తోస్తుంది, నాకూ అదే తోచింది. అయితే విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు మినహాయింపు ఇచ్చే ఉంది. ఇక్కడ పింగ్ ఫలితాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే పింగ్‌ను ఆపి షేరింగ్‌ను వదిలే ఫైర్‌వాల్‌లు ఉన్నాయి, పింగ్‌ను వదిలి షేరింగ్‌ను ఆపేవీ ఉన్నాయి. షేరింగ్ నడిచే పోర్టునే (ఒక్కొక్క సేవకు కేటాయించిన, నంబరు గల ద్వారం) తట్టి చూడాలి. ఫైళ్ల షేరింగ్ టీసీపీ 139, 445 పోర్టుల మీద నడుస్తుంది, పేర్ల వెతుకులాట యూడీపీ 137 మీద జరుగుతుంది. ఎక్స్‌పీలో ఎదుటి కంప్యూటర్ పోర్టుకు కలిపే టెల్‌నెట్ ప్రోగ్రామ్ ముందుగానే ఉంటుంది కాబట్టి మొదటి ఎక్స్‌పీ నుంచి టెల్‌నెట్ అని కొట్టి, రెండో దాని అడ్రస్, ఆ పక్కన 139 ఇచ్చాను. పోర్టు తెరిచి ఉంటే తెర మొత్తం నల్లగా తుడుచుకుపోయి మూలన కర్సర్ ఒక్కటే మిణుకుతుంది. మూసి ఉంటే కాసేపు ఆగి కనెక్ట్ కాలేకపోయానని చెబుతుంది. ఇక్కడ రెండోదే జరిగింది.

ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపి చూసినా ఫలితం మారలేదు కాబట్టి అడ్డుపడుతున్నది మరొకటి అయి ఉండాలి. నెట్‌వర్క్ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిస్తే, టిక్కులు పెట్టిన అంశాల జాబితాలో, ఏనాడో అన్‌ఇన్‌స్టాల్ చేశామనుకున్న ఒక సెక్యూరిటీ ప్యాకేజీ తాలూకు ఫిల్టర్ డ్రైవర్ ఇంకా కూర్చుని ఉంది. ప్రోగ్రామ్ పోయింది, దాని కిటికీ పోయింది, కాని వచ్చే ప్యాకెట్లను పట్టి ఆపే డ్రైవర్ మాత్రం తన చివరి ఆదేశాలను పాటిస్తూనే ఉంది. ఇలాంటి వాటికి తయారీదారులే విడిగా ఇచ్చే తొలగింపు ప్రోగ్రామ్ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయడం చాలదు. దానిని నడిపి రీస్టార్ట్ చేశాక నల్ల తెర కనిపించింది.

ఇక సర్వర్‌లో స్టోరేజీ చాలదన్న సందేశం. విండోస్ 7 డిస్కులో సగానికి పైగా ఖాళీ ఉంది, మెమరీ కూడా నిండలేదు. ఈ సందేశంలోని స్టోరేజీకి హార్డ్ డిస్కుతో సంబంధం లేదు. ఫైలును ఇచ్చే కంప్యూటర్‌లో ప్రతి అభ్యర్థనా ఒక చీటీలాగా ఒక డ్రైవర్ నుంచి మరొక డ్రైవర్‌కు దిగుతూ పోతుంది, ప్రతి డ్రైవరూ తన వివరాలు రాసుకోవడానికి ఆ చీటీలో ఒక గడి కావాలి. షేరింగ్ నడిపే సర్వర్ సర్వీస్ మామూలుగా 15 గళ్లు కేటాయిస్తుంది. యాంటీవైరస్, బ్యాకప్ ప్రోగ్రామ్, డిస్కును కాపాడే మరో ప్రోగ్రామ్ ఒక్కొక్కటీ ఫైల్ సిస్టమ్ మీద తమ డ్రైవర్‌ను చేర్చుకుంటూ పోతే గళ్లు చాలవు, అప్పుడు అడిగినవారి తెర మీద ఈ సందేశం వస్తుంది. సందేశం చూపేది ఒక కంప్యూటర్, లోపం ఉన్నది ఇంకొక కంప్యూటర్. ఈ సంగతి గుర్తించకపోతే ఎక్స్‌పీని ఎంత తిరగేసినా ఉపయోగం ఉండదు. విండోస్ 7లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూస్తే 2011 నంబరు ఈవెంట్ నమోదై ఉంది, అనుమానం తీరింది.

దీనికి మందు రిజిస్ట్రీలోనే, లాన్‌మాన్‌సర్వర్ కింద పారామీటర్స్‌లో, ఐఆర్‌పీస్టాక్‌సైజ్ (IRPStackSize) అనే డీవర్డ్ (అంకె రకం) విలువ. అది ఉంటే పెంచాలి, లేకపోతే కొత్తగా చేర్చాలి. పేరులోని పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్లుగానే కొట్టాలి. విలువ కొట్టే చిన్న కిటికీ హెక్సాడెసిమల్‌లో తెరుచుకుంటుంది కాబట్టి డెసిమల్‌ను ఎంచుకోకుండా 18 అని కొడితే అది నిజానికి 24 అవుతుంది. ప్రమాదం ఏమీ లేదు గాని, ఎంత పెట్టామో తెలిసి పెట్టడం మంచిది. నేను 18తో మొదలుపెట్టాను, చాలలేదు. మూడేసి చొప్పున పెంచుతూ పోగా 21 దగ్గర సందేశం ఆగిపోయింది. ఒకేసారి గరిష్ఠ స్థాయికి పెంచమని సలహా ఇచ్చేవారు ఉంటారు. గడులు పెంచితే ప్రతి అభ్యర్థనకూ వాడే మెమరీ పెరుగుతుంది కాబట్టి పాత యంత్రం మీద అవసరమైనంతే పెంచడం నాకు ఇష్టం.

తలుపు తెరుచుకున్నాక ఎవరిని లోపలికి రానివ్వాలన్న ప్రశ్న మిగులుతుంది. విండోస్ 7లో పాస్‌వర్డ్‌తో కూడిన షేరింగ్‌ను ఆపేస్తే గొడవ వదులుతుందని చెబుతారు గాని, నేను దానిని ఆపలేదు. విండోస్ 7 మీద ప్రతి కంప్యూటర్‌కూ ఒక యూజర్ ఖాతా సృష్టించి, ఆ కంప్యూటర్‌లో ఉన్న పేరు, పాస్‌వర్డ్‌లనే దానికీ ఇచ్చాను. పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే అయితే విండోస్ మళ్లీ అడగదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతాతో నెట్‌వర్క్ ద్వారా ప్రవేశించడాన్ని ఎక్స్‌పీ కాలం నుంచే విండోస్ మామూలుగా నిరాకరిస్తుంది, 1327 నంబరు ఎర్రర్ వస్తే చూడవలసింది అదే. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి ఇచ్చే షేర్ అనుమతులు, డిస్కులోని ఫైళ్లకు ఇచ్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతులు రెండూ వర్తిస్తాయి, రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. షేర్‌లో అందరికీ పూర్తి అనుమతి ఇచ్చి, అసలు కట్టడిని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టుకుంటే తరువాత వెతుక్కునే చోటు ఒక్కటే ఉంటుంది.

విండోస్ 10కూ ఎక్స్‌పీకీ మధ్య మాత్రం ఇంకా మాట కలవలేదు. ఎక్స్‌పీకి తెలిసిన షేరింగ్ భాష ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. రెండో వెర్షన్ విస్టాతో వచ్చింది. విండోస్ 10లో 2017 అక్టోబరు నాటి 1709 అనే విడుదల నుంచి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు మామూలుగా చేర్చడం లేదు. టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ కిటికీలో ఒక టిక్కు పెడితే అది తిరిగి వస్తుంది. ఆ టిక్కు నేను పెట్టలేదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ పాకింది ఈ మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారానే. దానికి సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చినా వేసుకోని కంప్యూటర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంటర్నెట్‌తో రోజంతా తిరిగే ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఆ పాత తలుపును తెరవడం నాకు సమ్మతం కాలేదు. విండోస్ 7కు రెండు భాషలూ వచ్చు. అందువల్ల కొలతల ఫైళ్లను ఎక్స్‌పీలో ఉంచి అక్కడి నుంచి లాగే పద్ధతిని వదిలి, ఎక్స్‌పీయే తన ఫైళ్లను విండోస్ 7లోని షేర్ ఫోల్డర్‌లో రాసేలా, విండోస్ 10 వాటిని అక్కడి నుంచి చదువుకునేలా ఏర్పాటు చేశాను.

దాంతోపాటు మూడు పాత కంప్యూటర్లకూ స్థిరమైన అడ్రస్‌లు ఇచ్చి, బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్ రాసే డీఫాల్ట్ గేట్‌వే గడిని ఖాళీగా వదిలేశాను. గేట్‌వే లేకపోతే అవి తమలో తాము మాట్లాడుకోగలవు గాని ఇంటర్నెట్‌కు వెళ్లలేవు. ఇది చేసిన మరుక్షణం విండోస్ 7 షేర్లన్నీ మూతపడ్డాయి. గేట్‌వే లేని నెట్‌వర్క్‌ను విండోస్ 7 గుర్తు పట్టలేక అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని పేరు పెట్టి, దానిని పబ్లిక్ వర్గంలో వేస్తుంది. పబ్లిక్ వర్గంలో ఫైర్‌వాల్ షేరింగ్‌ను అడ్డుకుంటుంది. లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్ తెరిచి, అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్‌కు లొకేషన్ టైప్‌ను ప్రైవేట్ అని నిర్ణయించాక తిరిగి తెరుచుకున్నాయి.

ప్రింటర్ దగ్గర ఎక్స్‌పీలు రెండూ తేలికగా కలిశాయి, విండోస్ 7 లాగే అవీ 32 బిట్లవి. విండోస్ 10 మాత్రం 64 బిట్ల డ్రైవర్ కావాలని అడిగి, విండోస్ 7 దగ్గర అది లేదని ఆగిపోయింది. ఇలాంటప్పుడు నెట్‌వర్క్ ప్రింటర్‌గా కలపడం మానేసి లోకల్ ప్రింటర్‌గా చేర్చుకోవడం ఉత్తమమైన దారి. యాడ్ ప్రింటర్‌లో లోకల్ ప్రింటర్‌ను ఎంచుకుని, క్రియేట్ ఎ న్యూ పోర్ట్ దగ్గర లోకల్ పోర్ట్ అని ఇచ్చి, పోర్టు పేరు అడిగినప్పుడు రెండు బ్యాక్‌స్లాష్‌లు, విండోస్ 7 కంప్యూటర్ పేరు, మరో బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు కొట్టాలి. అప్పుడు డ్రైవర్ విండోస్ 10 సొంతది, అది తయారు చేసిన ప్రింట్ డేటాను మాత్రం విండోస్ 7 అందుకుని ప్రింటర్‌కు పంపుతుంది. షేర్ పేరును ఖాళీలు లేకుండా పొట్టిగా పెట్టుకుంటే కొట్టడంలో తప్పులు రావు.

లేబుళ్ల డాస్ ప్రోగ్రామ్‌కు నెట్‌వర్క్ అనేదే తెలియదు, ఎల్‌పీటీ1 అనే పాతకాలపు ప్రింటర్ పోర్టు ఒక్కటే తెలుసు. నెట్ యూజ్ కమాండ్‌లో ఎల్‌పీటీ1 అని రాసి, ఆ పక్కన ప్రింటర్ షేర్ దారి ఇచ్చి, చివర పర్సిస్టెంట్ యెస్ అని చేర్చితే ఆ పోర్టుకు పంపినదంతా విండోస్ 7 మీదికి మళ్లుతుంది. అయితే డాస్ ప్రోగ్రామ్ పంపేది ఏ డ్రైవరూ తాకని ముడి అక్షరాలు. అక్షరాలను తానే పేజీగా పేర్చుకోగల ప్రింటర్ అయితేనే అవి కాగితం మీదికి వస్తాయి. మా లేజర్ ప్రింటర్‌కు పీసీఎల్ అనే ప్రింటర్ భాష తెలుసు కాబట్టి సరిపోయింది. విండోస్ డ్రైవర్ గీసి ఇస్తే తప్ప ఏమీ ముద్రించలేని చవక రకం ప్రింటర్లలో ఈ పద్ధతి ఎంత సరిగా అమర్చినా ఖాళీ పేజీలో, అర్థం లేని గుర్తులో వస్తాయి.

ఈ మళ్లింపు పరీక్షిస్తున్నప్పుడే ఒక పని క్యూలో ఇరుక్కుని, డిలీట్ చేసినా డిలీటింగ్ అన్న మాట దగ్గరే నిలబడిపోయింది. ప్రింట్ పనులను వరుసలో ఉంచే స్పూలర్ సర్వీస్‌ను ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్‌లో మిగిలిన ఫైళ్లను తుడిచి, సర్వీస్‌ను మళ్లీ మొదలుపెడితే క్యూ శుభ్రమైంది. అక్కడ ఒక్కొక్క పనికి ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అనే రెండు ఫైళ్లు జంటగా ఉంటాయి, రెండింటినీ తీయాలి.

అన్నీ కుదిరాక రెండు చిన్న ఫిర్యాదులు మిగిలాయి. మధ్యాహ్నం తరువాత ప్రింట్ రావడం లేదన్నది మొదటిది. పనిలేనప్పుడు విండోస్ 7 స్లీప్‌లోకి జారుకుంటోంది, పవర్ ఆప్షన్స్‌లో దానిని మాన్పించాను, తెర మాత్రం ఆరిపోనిచ్చాను. ఎక్స్‌పీలో మ్యాప్ చేసిన డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడుతోందన్నది రెండోది. 15 నిమిషాలు ఎవరూ వాడని కనెక్షన్‌ను సర్వర్ సర్వీస్ తెంపేస్తుంది, డ్రైవ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మళ్లీ కలుస్తుంది. మనుషులకు దానితో ఇబ్బంది లేకపోయినా, కొలత ప్రోగ్రామ్ తెగిన డ్రైవ్ మీద రాయబోయి ఆగిపోతోంది. విండోస్ 7లో అడ్మినిస్ట్రేటర్‌గా నెట్ కాన్ఫిగ్ సర్వర్ కమాండ్‌కు ఆటోడిస్‌కనెక్ట్ విలువను మైనస్ 1గా ఇచ్చి ఆ తెంపడాన్ని ఆపాను. ఎర్ర గుర్తు అప్పుడప్పుడు ఇంకా కనిపిస్తుంది, ఫైళ్లు మాత్రం ఆగకుండా చేరుతున్నాయి.